స్ఫింక్స్ పిల్లికి స్నానం, ఒంటి జిడ్డు: 12 ఏళ్లుగా పెంచుతున్న అనుభవంతో నా జవాబు

మీరు రాసింది నాకు అర్థమైనంతలో ఇది: 8 నెలల మగ స్ఫింక్స్ (బొచ్చులేని జాతి పిల్లి), పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఇంకా చేయించలేదు. దుప్పట్ల మీద గోధుమరంగు మరకలు పడుతున్నాయని వారానికి 3 సార్లు చిన్నపిల్లల షాంపూతో స్నానం చేయిస్తున్నారు. ఒళ్లు ఆరాక కొబ్బరినూనె రాస్తున్నారు. అయినా జిడ్డు తగ్గలేదు సరికదా, వీపు మీద పొట్టు లేస్తోంది, తోక మొదట్లో నల్లచుక్కలు వచ్చాయి, నీళ్ల చప్పుడు వింటేనే పిల్లి మంచం కిందకి దూరుతోంది. ఇక రోజూ చేయించాలా అని అడిగారు.

వద్దండీ. ఉన్నవాటినే తగ్గించండి. నూనె సీసాకి ఇవాళే మూత పెట్టేయండి.

మిమ్మల్ని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. నా మొదటి స్ఫింక్స్ వచ్చిన ఏడాది నేను ఇంతకంటే ఘోరంగా చేశాను. రోజు విడిచి రోజు స్నానం. షాంపూకి జిడ్డు వదలడం లేదని ఒకసారి గిన్నెలు తోమే లిక్విడ్ కూడా వాడాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. రెండు నెలలు తిరిగేసరికి వీపు గరుకు కాగితంలా తయారైంది, చంకల్లో జిడ్డు మాత్రం చంకల్లోనే ఉంది. డాక్టరు గారు వేలితో ఒకసారి వీపు తడిమి చూసి, "ఇది మురికి పిల్లి కాదండీ, కడిగి కడిగి అరగదీసిన పిల్లి" అన్నారు. ఆ తర్వాత ఇంకో స్ఫింక్స్, ఒక దోన్‌స్కోయ్ (అదీ బొచ్చులేని జాతే) మా ఇంటికొచ్చాయి. ఆ మాట మూడింటి విషయంలోనూ పనికొచ్చింది.

అసలు ఆ జిడ్డు ఎక్కడిదో తెలిస్తే మిగతాదంతా తేలిక. ప్రతి పిల్లి చర్మంలోనూ నూనె గ్రంథులుంటాయి. బొచ్చున్న పిల్లిలో ఆ నూనె వెంట్రుకల వెంట పాకి బొచ్చంతా పరుచుకుంటుంది, పిల్లి నాకి నాకి దాన్ని సర్దుకుంటుంది. బొచ్చుకి ఆ నిగనిగ దాని వల్లే. స్ఫింక్స్‌లో కేఆర్‌టీ71 అనే జన్యువులో తేడా వల్ల వెంట్రుక గట్టిగా నిలవదు, సన్నగా పుట్టి విరిగి రాలిపోతుంది. అందుకే పూర్తిగా నున్నగా కాకుండా చేతికి మెత్తటి నూగు తగులుతుంది. గ్రంథులకి మాత్రం వెంట్రుకలు లేవన్న సంగతి తెలియదు, వాటి పని అవి చేసుకుపోతుంటాయి. పాకడానికి వెంట్రుక లేక నూనె చర్మం మీదే నిలిచిపోతుంది. దానికి చచ్చిన చర్మకణాలూ గాల్లో దుమ్మూ అంటుకుంటే అదే మీరు దుప్పటి మీద చూసే గోధుమరంగు. చాలామంది దీన్ని చెమట అంటారు కానీ కాదు. ఒళ్లు చల్లబరుచుకునే చెమట పిల్లికి పాదాల అడుగున మెత్తల దగ్గరే పడుతుంది.

అంటే ఆ పలచటి జిడ్డు పొర మీ పిల్లికి ఉన్న ఒకే ఒక్క చొక్కా. చర్మంలో తడి ఆరిపోకుండా ఆపేది అదే. మొత్తం ఊడ్చేస్తే చర్మం ఎండి పొట్టు లేస్తుంది. పాతబడి, మురికిపట్టి, మడతల్లో పేరుకున్నది మాత్రం తీసేయాలి, లేకపోతే అక్కడ ఫంగస్ చేరుతుంది. మన పనంతా ఈ రెంటి మధ్యే.

దోన్‌స్కోయ్ కూడా ఉందన్నాను కాబట్టి ఒక్క మాట. అది 1987లో రష్యాలోని రోస్తోవ్ ఆన్ దోన్‌లో మొదలైన జాతి, దాని జన్యువు వేరు. పీటర్‌బాల్డ్ అనే మరో బొచ్చులేని జాతి కూడా దాని వంశమే. వీటిలో కొన్ని పిల్లలు నూగుతో పుట్టి పెరిగేకొద్దీ నున్నబడతాయి. చర్మసంరక్షణ మాత్రం స్ఫింక్స్‌లాగే, కొత్తగా నేర్చుకోవలసింది పెద్దగా ఏమీ లేదు.

ఇక ఎన్ని రోజులకోసారి? క్యాలెండర్ చూసి చేయించడం నేను మానేశాను. తెల్లటి మెత్తని నూలుగుడ్డ గోరువెచ్చని నీళ్లలో ముంచి, గట్టిగా పిండి, వీపు మీద ఒకసారి నిమరండి. గుడ్డ లేత పసుపుగా వస్తే స్నానం అక్కర్లేదు. ముదురు గోధుమరంగులో వచ్చి, చేయి వేస్తే అతుక్కుంటున్నట్టుంటే స్నానానికి వేళయినట్టే. ఎక్కువ స్ఫింక్స్‌లకి ఇది 7 నుంచి 14 రోజుల మధ్య వస్తుంది. మా పెద్దదానికి 10 రోజులు, రెండోదానికి దాదాపు 3 వారాలు. ఒకే ఇల్లు, ఒకే తిండి, అయినా అంత తేడా. మీ పిల్లి ఇప్పుడు వయసుకొస్తున్న మగపిల్లి. ఈ దశలో జిడ్డు ఎక్కువగానే ఉంటుంది, ఎల్లకాలం ఇలాగే ఉండదు.

స్నానానికీ స్నానానికీ మధ్య 2, 3 రోజులకోసారి అదే తడిగుడ్డతో మడతలు మాత్రం తుడవండి: మెడ కింద, చంకలు, గజ్జలు, తోక మొదలు. వీపుని వదిలేయండి. మనం చేసే పొరపాటు ఏమిటంటే చేతికి అందేది వీపు కాబట్టి వీపునే తోముతాం, జిడ్డు దాక్కునేది మాత్రం మడతల్లో. ఒకే పిల్లి వీపు మీద పొట్టు, చంకలో జిడ్డు ఎందుకుంటాయో ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది.

దుప్పటి సంగతి. ఇది ఎవరూ చెప్పరు గానీ నా లెక్కలో సగం పని ఇక్కడే ఉంది. శుభ్రంగా స్నానం చేయించిన పిల్లిని వారం నాటి జిడ్డు దుప్పటి మీద పడుకోబెడితే ఆ పాత జిడ్డు మళ్లీ ఒంటికే అంటుతుంది. పిల్లి పడుకునే ప్రతిచోటా ముదురురంగు నూలుగుడ్డ పరిచి, 3, 4 రోజులకోసారి వేడినీళ్లలో వాసన లేని సబ్బుపొడితో ఉతకండి. పిల్లికి చొక్కా వేస్తుంటే దాన్ని రోజూ మార్చాల్సిందే. బట్టలు మెత్తబరిచే సువాసన ద్రవాలు వద్దు, బొచ్చు అడ్డులేని చర్మానికి అవి నేరుగా తగులుతాయి. ఇదంతా చేసినా లేత మరకలు పడతాయి. తెల్ల దుప్పట్ల మీద ఆశ వదులుకోవడం స్ఫింక్స్‌ని పెంచేవాళ్లు మొదట్లోనే చేయవలసిన పని.

షాంపూ విషయానికొస్తే, చిన్నపిల్లల షాంపూ విషమేమీ కాదు, ఒకటి రెండుసార్లకి నష్టం లేదు. కానీ మనిషి చర్మం కాస్త ఆమ్లగుణంతో పీహెచ్ 5 దగ్గర ఉంటే పిల్లిది 6 పైనే ఉంటుంది. ఏళ్ల తరబడి వాడేది కాబట్టి పిల్లుల కోసమే చేసిన, వాసన లేని, మృదువైన షాంపూ తీసుకోండి. సీసా మీద టీ ట్రీ నూనె గానీ మరే సుగంధ తైలం గానీ కనిపిస్తే పక్కన పెట్టేయండి. ఇలాంటి పదార్థాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి మనకున్నంత లేదు, పైగా ఒంటికి రాసింది ఏదైనా చివరికి నాలుక మీదుగా కడుపులోకే పోతుంది. 'సహజం' అని రాసి ఉంటే నేను ఇంకాస్త అనుమానంగా చూస్తాను. కుక్కల షాంపూలు కూడా వాడకండి. పేలు, గోమార్ల కోసం చేసిన కొన్నింట్లో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది, అది పిల్లి ప్రాణం తీయగలదు.

ఇక స్నానం. మీ పిల్లి భయపడుతోంది కాబట్టి ఇక్కడ కాస్త వివరంగా రాస్తాను.

ముందురోజు గోళ్లు కత్తిరించండి. స్నానం రోజున గది తలుపులు, కిటికీలు మూసి గది వెచ్చగా ఉంచండి. రెండు తువ్వాళ్లు వెచ్చచేసి పక్కన పెట్టుకోండి. షాంపూని ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లలో ముందే కలుపుకోండి, సీసాలోంచి చల్లగా, చిక్కగా వీపు మీద పడితే పిల్లి ఉలిక్కిపడుతుంది. టబ్బులో అడుగున తువ్వాలు పరవండి. నన్నడిగితే పిల్లులు భయపడేది నీళ్లకి తక్కువ, కాళ్లు జారడానికి ఎక్కువ. గోళ్లకి పట్టు దొరికితే సగం అరుపులు ఆగిపోతాయి.

నీళ్లు పిల్లి లేకుండానే పట్టండి, కొళాయి కట్టేశాక పిల్లిని తీసుకురండి. ఆ చప్పుడే దానికి పడదని మీరే రాశారు కదా. లోతు 5 నుంచి 8 సెంటీమీటర్లు, పొట్టకి తగిలేంత చాలు. వేడి 37, 38 డిగ్రీలు. పిల్లి ఒళ్లు మామూలుగానే 38, 39 డిగ్రీల మధ్య ఉంటుంది కాబట్టి మన చేతికి 'బాగానే ఉంది' అనిపించిన నీళ్లు దానికి చల్లగా తగలవచ్చు. అలాగని ఇంకా వేడి పెంచకండి, బొచ్చులేని చర్మం తొందరగా కమిలిపోతుంది. థర్మామీటర్ ఒకటి పెట్టుకుంటే ఈ తర్జనభర్జన ఉండదు. షవర్ వాడకండి, మగ్గుతో మెల్లగా పోయండి.

మెడ నుంచి వెనక్కి, అరచేత్తో. బ్రష్షులు, పీచులు, స్క్రబ్బులు వద్దు. నిమిషంలో వీపు ముగించి, మిగతా సమయమంతా మడతలకివ్వండి. కాలు మెల్లగా ఎత్తి చంక, తర్వాత గజ్జ, కాలివేళ్ల సందులు, చివర్లో తోక. ముఖం మీద నీళ్లు పోయకూడదు, తడిగుడ్డతో తుడిస్తే చాలు.

కడగడం మాత్రం రుద్దినదానికి రెండింతల సేపు చేయాలి. టబ్బులో సబ్బునీళ్లు వదిలేసి, కొత్తనీళ్లతో రెండుసార్లు. స్నానం తర్వాత గోక్కునే పిల్లుల్లో చాలావాటికి జబ్బేమీ ఉండదు, మడతల్లో మిగిలిపోయిన షాంపూయే కారణం. మీ పిల్లి వీపు మీద పొట్టుకి కూడా ఇందులో వాటా ఉండొచ్చు. మొత్తం 10 నిమిషాల్లో అయిపోవాలి. తువ్వాలులో చుట్టి అద్దండి, రుద్దకండి. ప్రతి మడతా విప్పి తడి పీల్చండి. తడి నిలిచిన మడత కంటే జిడ్డున్న మడతే నయం. హెయిర్ డ్రయర్ ఎంత తక్కువలో పెట్టినా నాకు ఇష్టముండదు, ఒక్కచోట రెండు క్షణాలు నిలిచినా కాలుతుంది. ఒళ్లు పూర్తిగా ఆరేదాకా ఒడిలో పెట్టుకుని దానికి బాగా ఇష్టమైన తిండేదో పెట్టండి. మీ పిల్లి మనసు మారేది ఆ పావుగంటలోనే.

ఒక ముఖ్యమైన సంగతి మధ్యలో చెబుతున్నాను, దాటేయకండి. స్నానంలో పిల్లి అరవడం వేరు, నోరు తెరిచి రొప్పడం వేరు. కుక్కకి రొప్పు మామూలే, పిల్లికి కాదు. స్ఫింక్స్‌లలో గుండె కండరం మందమయ్యే జబ్బు మిగతా చాలా జాతుల కంటే ఎక్కువ, బయటికి ఏ లక్షణమూ లేకుండానే ఉండొచ్చు. రొప్పు కనిపిస్తే అక్కడే స్నానం ఆపి, ఒళ్లు వెచ్చగా తుడిచి, వెంటనే డాక్టరుకి చూపించండి. రొప్పు లేకపోయినా ఈ జాతికి గుండె స్కానింగ్ క్రమం తప్పకుండా చేయించాలన్నది నా గట్టి అభిప్రాయం.

చెవులు. లోపల వెంట్రుకలు లేవు కాబట్టి గోధుమరంగు గులిమి తొందరగా పేరుకుంటుంది, ఇది ఈ జాతికి మామూలే. వారానికోసారి పిల్లుల చెవి ద్రవం దూదికి పట్టించి, వేలు వెళ్లినంత మేర తుడవండి. పుల్లకి దూది చుట్టినవి చెవి లోపలికి పెడితే గులిమిని ఇంకా లోపలికి నెడతాయి. నల్లగా, కాఫీపొడిలా రాలుతూ పిల్లి తల విదిలిస్తుంటే అది గులిమి కాకపోవచ్చు, చెవి పురుగులు అయుండొచ్చు. కళ్లకి రెప్పవెంట్రుకల కాపలా లేదు కాబట్టి పొద్దున్నే పుసి ఉంటుంది, తడి దూదితో లోపలి మూల నుంచి బయటికి తుడిస్తే సరి.

గోళ్ల దగ్గర మాత్రం ఆగాలి. గోరుని మెల్లగా బయటికి నొక్కి, దాని మొదట్లో చూడండి. నల్లటి జిడ్డు ఉంగరంలా కనిపిస్తుంది. తడిగుడ్డతో తుడిచేస్తే పోయేది సాధారణ జిడ్డు. తుడిచినా రెండు రోజుల్లో ఎర్రగోధుమ రంగుతో, ఒకరకమైన ముక్కవాసనతో తిరిగి వస్తే మలసీజియా అనే ఈస్ట్ (ఒకరకం ఫంగస్) పెరుగుతోందేమోనని అనుమానించాలి. ఈ ఈస్ట్ పిల్లుల చర్మం మీద కొద్దో గొప్పో ఉండేదే, కానీ స్ఫింక్స్, డెవన్ రెక్స్ జాతుల్లో ఎక్కువగా కనబడుతుంది. దానికి తిండి కొవ్వు. మీరు కొబ్బరినూనె రాస్తే దానికి విందు పెట్టినట్టే. పొట్టు తగ్గాలని రాసింది మడతల్లోకి జారి ఎవరికి ఉపయోగపడుతోందో చూశారా! డాక్టరు టేపుముక్క చర్మానికి అతికించి, పీకి, సూక్ష్మదర్శినిలో చూస్తే నిమిషాల్లో తేలిపోతుంది. తేలితే క్లోర్‌హెక్సిడిన్, మైకోనజోల్ కలిసిన మందు షాంపూ ఇస్తారు. అది ఒంటి మీద 10 నిమిషాలు నిలవాలి, ఆ లోపు పిల్లి నాక్కోకుండా చూసుకోవాలి. ఆ మందు వాడే కొన్ని వారాలు మాత్రం డాక్టరు చెప్పినన్ని స్నానాలు చేయించాలి, నేను పైన చెప్పిన లెక్క అప్పుడు పనికిరాదు.

తోక మీది నల్లచుక్కలు గిచ్చకండి, పిండకండి. తోక మొదట్లో పైవైపున నూనె గ్రంథులు గుంపుగా ఉంటాయి, ఆపరేషన్ కాని మగపిల్లుల్లో అవి మరీ చురుకు. గోరువెచ్చని గుడ్డ 2, 3 నిమిషాలు అద్ది ఉంచి మెల్లగా తుడవండి, రోజుకోసారి. ఆపరేషన్ చేయిస్తే చాలావాటికి తగ్గుముఖం పడుతుంది, కొన్నింటికి పడదు. గడ్డం మీద ఇలాంటి చుక్కలే వస్తే తిండిగిన్నె ప్లాస్టిక్‌ది మాని స్టీలుదో పింగాణీదో పెట్టి, రోజూ కడిగి చూడండి.

పొడిబారిన వీపుకి ఏం రాయాలంటారా? మొదట ఏమీ రాయకండి. స్నానాలు తగ్గితే 2, 3 వారాల్లో దానంతటదే సర్దుకోవడమే ఎక్కువసార్లు చూశాను. తగ్గకపోతే డాక్టరుని అడిగి పిల్లుల కోసం చేసిన తేలికపాటి లేపనం వాడండి. మనుషుల క్రీములు, అందులోనూ సన్‌స్క్రీన్లు వద్దు. వాటిలో ఉండే జింక్ ఆక్సైడ్, సాలిసిలేట్లు నాకితే పిల్లికి ప్రమాదం. ఎండ విషయంలో క్రీము కంటే కర్టెన్ మేలు. లేత గులాబీ ఒంటి పిల్లులు తొందరగా కమిలిపోతాయి, ఏళ్ల తరబడి ఎండ తగిలితే చర్మ క్యాన్సర్ ముప్పు కూడా ఉంది. అద్దం కిటికీ కొంత ఆపుతుంది గానీ అతినీలలోహిత కిరణాల్లో ఒక భాగం అద్దంలోంచి వచ్చేస్తుంది. చలికి హీటర్ ముందు, వేడి మెత్తల మీద గంటలకొద్దీ పడుకోనివ్వకండి. కాలుతున్నా కదలని మొండితనం వీటిది.

ఇంట్లో ఒకరికి అలర్జీ, అందుకే ఎక్కువసార్లు చేయిస్తున్నామని కూడా చివర్లో రాశారు. బొచ్చులేని పిల్లులు అలర్జీ తెప్పించవన్నది పాత అపోహ. కారణమైన ఫెల్ డీ 1 ప్రోటీన్ లాలాజలంలోనూ ఈ నూనె గ్రంథుల్లోనూ తయారవుతుంది. స్నానంతో తగ్గినా కొద్దిరోజుల్లోనే మళ్లీ మామూలే. ఆ మనిషికి అలర్జీ డాక్టరు, పిల్లికి తన చర్మం. ఒకరి మందు ఇంకొకరి ఒంటి మీద రుద్దొద్దు.

ఇంట్లో చూసుకుందాంలే అని ఆగకూడనివి కొన్ని: గుండ్రంగా పొట్టుతో వచ్చే మచ్చలు తామర కావచ్చు, అది ఇంట్లో మనుషులకీ అంటుకుంటుంది. మెడ మీద, పొట్ట మీద గుంపుగా ఎర్రగోధుమ రంగు పొక్కులు లేచి విపరీతంగా దురద పెడుతుంటే అది ఈ జాతికి వచ్చే మరో చర్మజబ్బు, స్నానంతో పోదు. మడతల్లో చీము, రక్తం వచ్చేలా గోక్కోవడం, ఉన్నట్టుండి జిడ్డు పూర్తిగా మారిపోవడం కూడా అంతే.

మీరైతే ఈ వారంలోనే ఒకసారి డాక్టరు దగ్గర ఆ టేపు పరీక్ష చేయించండి, ఆపరేషన్ సంగతీ అప్పుడే మాట్లాడండి. ఈస్ట్ లేదని తేలితే 10 రోజులు స్నానం ఊసే ఎత్తకండి. మడతలు తుడవడం, దుప్పట్లు ఉతకడం, అంతే. ఈ 10 రోజుల్లో రోజూ ఒకసారి ఖాళీ టబ్బులో తువ్వాలు పరిచి, అందులోనే తిండి పెట్టండి. నీళ్లు వద్దు. ఆరో రోజుకో ఏడో రోజుకో తనంతట తానే దూకుతుంది చూడండి. ఆ తర్వాతి స్నానం అయ్యాక గుడ్డ ఏ రంగులో వచ్చిందో రాయండి, గోళ్ల మొదళ్లు కనబడేలా ఒక ఫొటో కూడా పెట్టండి.